గిన్నె నిండా నీళ్లున్నా.. ఊసరవెల్లికి దాహమే!

పెంపుడు తాబేళ్లు, ఇగువానాలు, ఊసరవెల్లులకు ఏ నీళ్లు మేలు? బోరు, కొళాయి, క్యాన్.. దేని సంగతి దానిదే

గాజు తొట్టెలో ఓ మూల గిన్నె. గిన్నె నిండా తేటనీళ్లు. పైన కొమ్మ మీద ఊసరవెల్లి. నాలుగు రోజులు పోయేసరికి దాని కళ్లు లోపలికి పీక్కుపోతాయి. తోలు ముడతలు పడుతుంది. పురుగు వేసినా నాలుక చాచదు. ఓ ఉదయం చూస్తే కొమ్మ కింద పడి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఏమీ అర్థం కాదు. 'రోజూ నీళ్లు మారుస్తూనే ఉన్నాం కదా, ఏమైంది దీనికి' అని తల పట్టుకుంటారు.

అయింది దాహమే. ఊసరవెల్లి గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లను సాధారణంగా పట్టించుకోదు. ఆకు మీద మంచుబొట్టు మెరిస్తే, కొమ్మ మీద వానచినుకు జారితే నాలుకతో అందుకుని తాగడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ సంగతి తెలియని ఇంట్లో నిండు గిన్నె ముందే అది ఎండిపోతుంది.

బెంగళూరు, హోసూరు, బళ్లారి, షోలాపూర్, బరంపురం.. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఈ ఊళ్లలో ఒకప్పుడు ఇంట్లో పెంచేవి కుక్కా, పిల్లీ, ఆవూ. ఇప్పుడు రంగుచేపల దుకాణాల్లో చెవి దగ్గర ఎర్రచార ఉన్న తాబేలు పిల్లలు దొరుకుతున్నాయి. పెద్ద నగరాల్లో ఇగువానాలు, గెకోలు, బాల్ పైథాన్లు కూడా వచ్చేశాయి. పిల్లలు మారాం చేస్తే కొనిచ్చేస్తున్నారు. మేత గురించి దుకాణదారు రెండు ముక్కలు చెబుతాడు. నీళ్ల గురించి అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ తక్కువే.

ముందు చట్టం సంగతి

నీళ్ల కంటే ముందు తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది. మన పొలం గట్ల మీద, తుమ్మచెట్ల మీద కనిపించే ఊసరవెల్లిని పట్టి ఇంట్లో పెంచడం నేరం. నక్షత్ర తాబేలు, ఉడుము, నాగుపాము, కొండచిలువలదీ అదే సంగతి. వీటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. 'అదృష్టం వస్తుందట' అని నక్షత్ర తాబేలును తెచ్చి పూజగదిలో పెట్టుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ వాణిజ్యంలోనూ నక్షత్ర తాబేలును 2019లో అత్యంత కఠినమైన నిషేధపు జాబితాలో చేర్చారు.

విదేశీ జాతుల లెక్క వేరు. యెమెన్, సౌదీ కొండల నుంచి వచ్చిన వీల్డ్ ఊసరవెల్లి, మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి, అమెరికా ఖండపు ఆకుపచ్చ ఇగువానా, ఆఫ్రికా బాల్ పైథాన్ వంటివి పెంచేవాళ్లు ఆ సంగతిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. 2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నమోదు నియమాలు వెలువడ్డాయి. కాగితాలు లేకుండా అమ్మే దుకాణం దగ్గర కొనకపోవడమే క్షేమం.

దెబ్బతిన్న అడవి ఊసరవెల్లి రోడ్డు మీద కనబడితే గాలి ఆడే అట్టపెట్టెలో కొమ్మతో సహా పెట్టి, నీడన ఉంచి అటవీశాఖకు కబురు చేయాలి. ఆ లోపు ఆకుల మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. నోరు తెరిచి నీళ్లు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఊరికో రకం నీళ్లు

'మంచినీళ్లు పెట్టండి' అని పుస్తకాల్లో రాసినంత తేలిక కాదు. సరిహద్దు జిల్లాల్లో ఊరు దాటితే నీళ్లు మారిపోతాయి. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఏడాది పొడవునా పారే నది లేదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బాగేపల్లి వైపు చాలామందికి బోరే గతి. పావగడలో ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలదీ ఫ్లోరైడ్ బాధే. అందుకే అక్కడ హొగెనకల్ దగ్గరి కావేరి నీటిని ఇళ్లకు తెచ్చే పథకాన్ని కట్టి 2013లో ప్రారంభించారు. బళ్లారికి తుంగభద్ర, షోలాపూర్‌కు ఉజని జలాశయం, యానాంకు గోదావరి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు తగలడం మామూలే.

ఇన్ని రకాల నీళ్లకు ఒక్కటే కొలత ఉంది. ఇంట్లో పసిపిల్లలకు తాగించడానికి జంకే నీళ్లను తొట్టెలో జీవికీ పెట్టకూడదు. మనుషుల తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దులే ఇక్కడా దారి చూపుతాయి. లీటరులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కరిగిన లవణాలు 500 లోపు ఉంటే మేలు. ఉదజని సూచిక, అదే పీహెచ్, 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

చాలామంది చేతిలో టీడీఎస్ మీటరు పట్టుకుని 'మా నీళ్లు 200 చూపిస్తున్నాయి, బ్రహ్మాండం' అంటుంటారు. ఆ మీటరు చెప్పేది కరిగిన లవణాల మొత్తం ఒక్కటే. అందులో ఫ్లోరైడ్ ఎంతో, క్రిములు ఉన్నాయో లేదో అది చెప్పలేదు. జిల్లాల్లోని ప్రభుత్వ నీటి పరీక్ష కేంద్రాల్లో కొద్దిపాటి రుసుముకే పరీక్ష చేయించుకోవచ్చు. ఆ కాగితం తొట్టెలో తాబేలుకే కాదు, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

నీళ్లు కాచితే సరిపోతుందా అంటే.. క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం పోవు. పైగా ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో వాటి పాలు పెరుగుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఆర్వో నీళ్లో, నది నీళ్లో వాడుకోవాల్సిందే.

కొళాయి నీళ్లలో క్లోరిన్

మున్సిపాలిటీ నీళ్లలో బ్లీచింగ్ పౌడరో, క్లోరిన్ వాయువో కలుపుతారు. కొళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది నియమం. ఈ కాస్త క్లోరిన్ తాగినంత మాత్రాన బల్లి జాతి జీవులకు ముప్పేమీ రాదు. చేపలకు, కప్పలకు మాత్రం అది విషమే. చేప మొప్పలతో, కప్ప తోలుతో దాన్ని నేరుగా పీల్చుకుంటాయి. నీటి తాబేలుకు ఊపిరితిత్తులున్నాయి కాబట్టి ఆ బాధ లేదు. కానీ దాని తొట్టె ఫిల్టరులో మలినాలను తినే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. క్లోరిన్ వాటిని చంపేస్తుంది. ఆ తర్వాత నీళ్లు త్వరగా చెడిపోతాయి. ట్యాంకు కడిగిన రోజు క్లోరిన్ ఘాటు ముక్కుకు తగిలిందంటే ఆ నీళ్లు కళ్లనూ మండిస్తాయి. ఆ రోజుకు వాడకపోవడమే మంచిది.

విరుగుడు తేలికే. మూతిపెద్ద బకెట్‌లో పట్టి, పలచటి గుడ్డ కప్పి ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే చేపల దుకాణంలో 'యాంటీ క్లోరిన్' పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్‌ను సీసా మీద రాసిన మోతాదులో వేయొచ్చు. అయితే ఒక రోజు అన్నారు కదా అని వారం రోజులు నిల్వ పెట్టకూడదు. క్లోరిన్ పోయిన నీటికి కాపలా ఉండదు. రోజు విడిచి రోజు కొళాయి వచ్చే ఊళ్లలో డ్రమ్ముల్లో నిల్వ ఉన్న నీళ్లకు ఇదే చిక్కు. మూడోనాటికి అడుగున జిగురు పడుతుంది. ఆ జిగురే రోగాల పుట్ట.

ఉప్పునీళ్ల తెల్లచార

బోరు నీళ్లను బెంగళూరు, కోలారు వైపు తెలుగువాళ్లు 'ఉప్పునీళ్లు' అంటారు. అందులో ఉండేది వంటింటి ఉప్పు కాదు, ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తాగునీటి హద్దులో ఉన్నంతవరకు వీటి వల్ల ఊసరవెల్లికి పెద్ద ప్రమాదం లేదు. కానీ ఆకుల మీద, గాజు మీద తెల్లచారలు కట్టేస్తాయి. స్ప్రే బాటిల్ రంధ్రాలు, పొగమంచు యంత్రాల గొట్టాలు పూడుకుపోతాయి. పిచికారీకి ఆర్వో నీళ్లు వాడితే ఈ బాధ తప్పుతుంది.

ఇక్కడే చాలా అపార్ట్‌మెంట్లలో ఓ పొరపాటు జరుగుతోంది. ఉప్పునీళ్లను 'సాఫ్ట్‌నర్' యంత్రంలో పోనిచ్చి ఇళ్లకు వదులుతారు. ఆ యంత్రం కాల్షియంను తీసి దాని బదులు సోడియంను వదులుతుంది. బట్టలు ఉతకడానికి, గీజరుకు అవి భేషైన నీళ్లు. జీవులకు తాగించడానికి కావు. వంటింటి కొళాయికి ఏ గొట్టం వస్తోందో ఒకసారి కనుక్కోవాలి.

ఆర్వో, క్యాన్, బ్యాటరీ నీళ్లు

ఆర్వో నీళ్లు, నాణెం వేస్తే వచ్చే శుద్ధజల కేంద్రం నీళ్లు, 20 లీటర్ల క్యాన్ నీళ్లు.. శుభ్రంగా ఉంటే మూడూ పనికొస్తాయి. 'వాటిలో ఖనిజాలు ఉండవు కదా' అన్న సందేహం వస్తుంది. ఈ జీవులకు కాల్షియం ప్రధానంగా రావాల్సింది మేత నుంచి. పురుగుల మీద చల్లే కాల్షియం పొడి, సరైన అతినీలలోహిత దీపం ఉంటే నీటిలో ఖనిజాలు తక్కువైనా లోటు రాదు. అవి రెండూ లేకుండా ఎంత మంచి నీళ్లు పోసినా ఎముకలు మెత్తబడక మానవు.

ఆర్వో యంత్రం పక్క గొట్టం నుంచి వదిలే వ్యర్థజలం మాత్రం వాడకూడదు. మొదట ఉన్న లవణాలన్నీ చిక్కబడి అందులోనే ఉంటాయి. నేల తుడవడానికి సరే, తాబేలు తొట్టెకు కాదు.

మరో రెండు రకాల నీళ్లు ఇళ్లలో ఊరికే దొరుకుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు. రెండూ స్వచ్ఛంగానే కనిపిస్తాయి. బ్యాటరీ నీళ్ల క్యాన్లు తాగడానికి తయారుచేసినవి కావు. ఏసీ నీళ్లు లోపలి దుమ్మును, బూజును, లోహపు రేకులను కడుక్కుంటూ వస్తాయి. రెండూ వద్దు. వాననీళ్లు పట్టుకునేవాళ్లు మొదటి వాన నీళ్లను వదిలేయాలి. మిద్దె శుభ్రంగా కడిగాక కురిసిన వాన నీళ్లు మేలు.

'సహజంగా ఉంటుంది' అని చెరువు నీళ్లు తెచ్చేవాళ్లూ ఉన్నారు. పొలాల్లో కొట్టిన మందులు, పరాన్నజీవులు ఆ నీళ్లతోపాటే ఇంటికొస్తాయి. పైగా కోలారు జిల్లాలో 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులు నింపుతున్నారు. ఆ నీళ్లు భూగర్భజలం పెంచడానికి ఉద్దేశించినవి, తాగడానికి కాదు.

దేని దాహం దానిది

ఊసరవెల్లికి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆకులు తడిసి చుక్కలు జారేదాకా సన్నగా పిచికారీ చేయాలి. నేరుగా ముఖం మీద కొట్టకూడదు. ప్లాస్టిక్ గ్లాసు అడుగున సూదితో రంధ్రం చేసి తొట్టె పైన పెడితే ఒక్కో చుక్కా ఆకు మీద పడుతుంటుంది. ఆ కదలిక చూసి అది తాగడానికి వస్తుంది. కింద పడే నీళ్లకు ఓ గిన్నె ఉంచి రోజూ పారబోయాలి. మధ్యలో ఆకులు ఆరిపోవాలి. పొద్దస్తమానం తడిగా, గాలి ఆడకుండా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పొగమంచు యంత్రం వాడేవాళ్లు మరీ జాగ్రత్త. నీటిలో ఏ క్రిములుంటే వాటినే అది గాలిలో కలుపుతుంది.

లెపర్డ్ గెకో, బేర్డెడ్ డ్రాగన్ ఎండిన నేలల జీవులు. 'ఎడారి జీవికి నీళ్లెందుకు' అనుకోవడం తప్పు. లోతు లేని పళ్లెంలో రోజూ కొత్త నీళ్లు ఉండాలి. గెకోకు కుబుసం విడిచేటప్పుడు తడినాచు పెట్టిన చిన్న గూడు కూడా కావాలి. ఇగువానా నీళ్లలో దిగి కూర్చోవడానికి ఇష్టపడుతుంది, అందులోనే మలవిసర్జన చేస్తుంది. కనబడిన వెంటనే మార్చాలి. పాముకు చుట్ట చుట్టుకుని కూర్చునేంత వెడల్పు, బోర్లా పడనంత బరువు ఉన్న గిన్నె కావాలి.

నీళ్లు చాలుతున్నాయో లేదో వాటి విసర్జనే చెబుతుంది. మలంతోపాటు వచ్చే సుద్దలాంటి ముద్ద తెల్లగా ఉంటే ఫరవాలేదు. పసుపు, నారింజ రంగుకు తిరిగిందంటే నీళ్లు తక్కువైనట్టు. కళ్లు గుంటలు పడితే ఇంటి వైద్యం కట్టిపెట్టి ఈ జీవుల గురించి తెలిసిన పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. అలాంటి డాక్టరు దగ్గర్లో ఉన్నారా అన్నది కొనక ముందే కనుక్కోవడం ఇంకా మంచిది.

తాబేలు తొట్టె

రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉన్నప్పుడు కొన్న ఎర్రచారల తాబేలు పెరిగితే 25 నుంచి 30 సెంటీమీటర్లు అవుతుంది. ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. తినేదీ, విసర్జించేదీ, తాగేదీ ఒకే నీటిలో. కాబట్టి దాని నీళ్లు పాడయ్యేంత వేగంగా ఇంకేవీ పాడవవు. విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా కళ్లను, తోలును తింటుంది. డొప్ప కుళ్లుతుంది.

డొప్ప పొడవుకు ఒకటిన్నర, రెండింతల లోతైనా నీళ్లుండాలి. ఎక్కి ఎండ కాచుకోవడానికి పొడి గట్టు ఉండాలి. మంచి ఫిల్టరు ఉంటే వారానికి పావు వంతు నుంచి మూడో వంతు నీళ్లు మార్చాలి. ఫిల్టరు లేని చిన్న టబ్బైతే రోజూ, లేదంటే రోజు విడిచి రోజు పూర్తిగా మార్చాలి. మేత వేరే టబ్బులో వేస్తే తొట్టె శుభ్రంగా ఉంటుంది. అమ్మోనియా చూపే పరీక్ష కాగితాలు చేపల దుకాణాల్లో దొరుకుతాయి.

నీళ్ల వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. హోసూరు, బెంగళూరు చలికాలంలో నీళ్లు చల్లబడితే తాబేలు మేత మానేస్తుంది. బళ్లారి, రాయచూరు, షోలాపూర్ ఎండల్లో దీనికి తలకిందులు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా ఉంటాయి. కొళాయి తిప్పి నేరుగా తొట్టెలోకి వదిలితే ప్రాణం పోతుంది. ముందు మోచేత్తో తాకి చూడాలి, పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు చూసినట్టే.

తొట్టెనూ గిన్నెలనూ సబ్బుతో కడిగి, బాగా జాలించి ఎండలో ఆరబెడితే చాలు. ఫినాయిల్ మాత్రం దగ్గరికి రానీయకూడదు. అందులోని రసాయనాలు ఈ జీవులకు విషం.

పాము పాలు తాగదు

నాగులచవితికి తెలుగువాళ్లు, నాగరపంచమికి కన్నడిగులు పుట్టలో పాలు పోస్తారు. భక్తి సంగతి అలా ఉంచితే, పాము పాలు తాగే జీవి కాదు. పాలను అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. పండగనాడు పాములవాళ్ల బుట్టలో పాము పాలు తాగినట్టు కనబడితే దానికి రోజుల తరబడి నీళ్లు పోయలేదని అర్థం. గొంతెండిపోయి ఏ ద్రవం దొరికినా తాగుతుంది. ఆ పాలు దాని ప్రాణం తీయవచ్చు. పాముకు కావాల్సింది నీళ్లే.

పిల్లలున్న ఇంట్లో..

ఆరోగ్యంగా కనిపించే తాబేలు, బల్లి, పాము పేగుల్లోనూ సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి. తొట్టె నీళ్లలో అవి పెరుగుతాయి. మనుషులకు సోకితే విరేచనాలు, జ్వరం. ఐదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ప్రాణాపాయం దాకా రావచ్చు. పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారనే అమెరికాలో 1975లోనే నాలుగు అంగుళాల కంటే చిన్న డొప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. మన దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా ఆ సైజువే.

తొట్టెను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వంటింటి సింకులో తొట్టె కడగకూడదు. పాత నీళ్లను మరుగుదొడ్డిలో పోయాలి, లేదా పూలమొక్కలకు పోయొచ్చు. ఆకుకూరల మడికి, బావి గట్టు దగ్గర వద్దు. చిన్నపిల్లలు తాబేలును ముద్దుపెట్టుకోకుండా చూడాలి. ఐదేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇంట్లో అసలు పెంచకపోవడమే మంచిదని వైద్యులు చెబుతారు.

చెరువులో వదిలేస్తే?

తాబేలు పెద్దదవుతుంది. నీళ్లు మార్చలేక విసుగొస్తుంది. 'పాపం, చెరువులో హాయిగా బతుకుతుంది' అని ఓ సాయంత్రం వదిలేసి వస్తారు. అమెరికా మిసిసిపీ లోయకు చెందిన ఈ తాబేలు ప్రపంచంలోని వంద అతిచెడ్డ చొరబాటు జీవుల జాబితాలో ఉంది. స్థానిక తాబేళ్ల మేతను, ఎండ కాచుకునే గట్లను అది ఆక్రమిస్తుంది, రోగాలను అంటిస్తుంది. పెంచలేనివాళ్లు జంతు సంరక్షణ కేంద్రాన్నో, పెంచగల మరో ఇంటినో వెతకాలి. చెరువులో మాత్రం వదలకూడదు.

బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు వెనక పరిగెత్తిన వేసవులు ఈ ఊళ్లకు కొత్త కాదు. ఫిల్టరు లేని టబ్బుకు రోజూ ఒకటి రెండు బకెట్లు కావాలి, అదీ ఏళ్ల తరబడి. మే నెలలో కూడా ఆ నీళ్లు ఇవ్వగలమా అని ఇంట్లో అందరూ కూర్చుని లెక్క వేసుకోవాలి. లెక్క కుదిరితేనే తొట్టె కొనాలి. కుదరకపోతే పిల్లలను పొలం గట్టుకు తీసుకెళ్లి, కంచె మీది ఊసరవెల్లిని దూరం నుంచి చూపించొచ్చు. వాన వెలిసిన పొద్దున అయితే అది ఆకు మీది చినుకు తాగడం కూడా కనబడుతుంది.